ముసలి పిల్లి కీళ్ల నొప్పికి చేప నూనె: ఎంపిక నుంచి ఫలితం తేల్చుకునే దాకా

"చేప నూనె పిల్లికి ఇవ్వొచ్చా? ఎన్ని చుక్కలు వేయాలి? నెలైంది, తేడా కనిపించడం లేదు, ఆపేయాలా?" ముసలి పిల్లులను చూసుకునేవారు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు ఇవే. వీటికి ఒక్క మాటలో జవాబు చెప్పడం కుదరదు. కానీ పద్ధతిగా చేస్తే మూడింటికీ జవాబు మీ పిల్లే చెబుతుంది.

చేప నూనె నొప్పి మాత్ర కాదు. వేసిన గంటలో పనిచేయదు. అరిగిపోయిన మృదులాస్థిని తిరిగి పుట్టించదు. కీలు లోపలి వాపును కొంత తగ్గిస్తుంది, అదీ కొన్ని వారాల మీద. ప్రభావం ఓ మోస్తరుగానే ఉంటుంది కాబట్టి, ముందు స్థితిని రాసిపెట్టుకోకుండా మొదలుపెట్టినవాళ్లకు అది పనిచేసిందో లేదో ఎప్పటికీ తేలదు. అందుకే ఇక్కడ సీసా మూత తీయడానికి ముందు చేయాల్సిన పనులకు ఎక్కువ చోటిచ్చాను.

## 1. నొప్పి కీళ్లదేనని తేల్చుకోండి

పిల్లుల్లో కీళ్ల అరుగుదల చాలా మామూలు. 12 ఏళ్లు దాటిన పిల్లుల ఎక్స్-రేలు పరిశీలించి 2002లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, వాటిలో 90 శాతానికి కీళ్లు క్షీణించిన గుర్తులు కనిపించాయి. అయినా ఇళ్లలో ఇది ఎవరి కంటా పడదు. పిల్లి సాధారణంగా కుంటదు. రెండు వైపులా ఒకే కీళ్లు నొప్పి పెడుతుంటే ఏ కాలిని కాపాడుకోవాలి? అందుకే చేసే పనులనే ఒక్కొక్కటిగా మానేస్తుంది. "వయసైపోయింది కదా, పడుకుంటోంది" అని మనం సరిపెట్టుకుంటాం.

ఈ గుర్తుల్లో మీ పిల్లికి ఏవి ఉన్నాయో చూడండి:

☐ ఒక్క దూకులో ఎక్కే చోటికి ఇప్పుడు మధ్యలో ఏదో ఒకదాని మీద ఆగి ఎక్కుతోంది, లేదా ఎక్కడమే మానేసింది
☐ దిగే ముందు తటపటాయిస్తోంది, ముందు కాళ్లను గోడకో సోఫాకో జార్చుకుంటూ దిగుతోంది
☐ మెట్లు ఒక్కొక్కటిగా, రెండు వెనక కాళ్లూ కలిపి ఎక్కుతోంది
☐ వీపు చివర, తోక మొదట్లో బొచ్చు ఉండలు కడుతోంది (నాక్కోవడానికి ఒళ్లు తిరగడం లేదు)
☐ గోళ్లు మందంగా పెరిగి నేలకు తగులుతున్నాయి
☐ లిట్టర్ బాక్స్ పక్కనే మలమూత్రాలు పోతోంది
☐ నడుం దగ్గర చెయ్యి వేస్తే చర్మం వణుకుతుంది, విసుక్కుంటుంది, లేచి వెళ్లిపోతుంది

రెండు మూడు ఉన్నా పశువైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి. వయసు పైబడిన పిల్లిలో కిడ్నీ జబ్బు, థైరాయిడ్ ఎక్కువ కావడం, మధుమేహం కూడా ఇలాంటి గుర్తులతోనే కనిపిస్తాయి. ముఖ్యంగా మధుమేహం ఉన్న పిల్లి వెనక కాళ్లు బలహీనపడి మడమల మీద నడుస్తుంది. దాన్ని కీళ్ల నొప్పి అనుకుని నూనె పోస్తూ కూర్చుంటే విలువైన నెలలు పోతాయి.

ఆస్పత్రిలో అడగాల్సినవి:

☐ తుంటి, మోకాలు, మోచేయి, వెన్ను ఎక్స్-రే అవసరమా?
☐ రక్త పరీక్షలో కిడ్నీ, షుగర్, థైరాయిడ్ చూశారా? బీపీ చూశారా?
☐ దీని ఆరోగ్యకరమైన బరువు ఎంత? ఇప్పుడెంత ఉంది?
☐ ఇప్పుడు వాడుతున్న మందులతో చేప నూనె ఇవ్వొచ్చా?

ఒక హెచ్చరిక. పిల్లి ఉన్నట్టుండి అరుస్తూ వెనక కాళ్లు ఈడుస్తుంటే, ఆ కాళ్లు చల్లగా తగిలితే అది ఆర్థరైటిస్ కాదు. కాళ్లకు వెళ్లే రక్తనాళంలో గడ్డ అడ్డుపడి ఉండొచ్చు. ఆ క్షణమే ఆస్పత్రికి బయల్దేరాలి.

## 2. నూనె కొనకముందే ఈ రోజు స్థితిని రాసిపెట్టండి

అందరూ దాటేసే మెట్టు ఇదే. ఇది చేయకపోతే మిగతావన్నీ సరిగ్గా చేసినా ఫలితం ఊహగానంగానే మిగులుతుంది.

పిల్లుల కీళ్ల నొప్పి మీద జరిగిన పరీక్షల్లో ఒక సంగతి పదే పదే బయటపడింది. మందు లేని ఉత్తుత్తి గుళిక ఇచ్చినా, పెంచుకునేవారిలో చాలామంది "బాగా మెరుగైంది" అని చెబుతారు. అబద్ధమాడి కాదు, ప్రేమతో. మన పిల్లి బాగుపడాలని కోరుకుంటాం కాబట్టి బాగుపడినట్టే కనిపిస్తుంది. దీనికి విరుగుడు కాగితం, కెమెరా.

పిల్లుల నొప్పిని పసిగట్టడానికి పశువైద్యులు వాడే ఒక చిన్న జాబితాలో ఆరు పనులుంటాయి: పైకి దూకడం, కిందికి దూకడం, మెట్లెక్కడం, మెట్లు దిగడం, పరుగెత్తడం, కదిలే వస్తువును వెంటాడటం. ఒక్కోదాని పక్కన "మామూలుగా చేస్తోంది / కష్టపడి చేస్తోంది / చేయడం లేదు" అని గుర్తు పెట్టండి.

తర్వాత మీ పిల్లికే ప్రత్యేకమైన మూడు పనులు ఎంచుకోండి. "చురుగ్గా ఉండటం" లాంటివి వద్దు. "పొద్దున వంటగది కిటికీ గట్టు ఎక్కడం", "రాత్రి మంచం మీదికి సాయం లేకుండా రావడం", "లిట్టర్ బాక్స్ గోడ తగలకుండా దాటడం" లాగా చోటు, సమయం, పని స్పష్టంగా ఉండాలి. అప్పుడే నెల తర్వాత "అవును, కాదు" అని చెప్పగలరు.

వీడియోలు తీయండి. నడక పక్క నుంచి, వెనక నుంచి, ఒక దూకు, మెట్ల మీద రాకపోకలు. ఒక్కోటి అర నిమిషం చాలు. ఫోను అదే చోట, అదే ఎత్తులో పెట్టండి. తర్వాతి వీడియోలతో పోల్చడానికి అది అవసరం.

వారం రోజులు ఇదంతా నమోదు చేయండి. ఈ వారంలో కొత్త ఆహారం, కొత్త పడక, కొత్త మందు ఏవీ మొదలుపెట్టవద్దు.

☐ ఆరు పనుల జాబితా నింపాను
☐ సొంత మూడు పనులు రాశాను
☐ నాలుగు వీడియోలు తీశాను
☐ బరువు తూచాను (పిల్లిని ఎత్తుకుని ఒకసారి, మీరొక్కరే ఒకసారి తూగి తేడా తీయండి)
☐ ఆకలి, మలం ఎలా ఉన్నాయో రాశాను

## 3. నూనె ఎంపిక

కావాల్సింది ఈపీఏ, డీహెచ్ఏ అనే రెండు ఒమేగా-3 కొవ్వు ఆమ్లాలు. కణాల పొరల్లో అరాకిడోనిక్ ఆమ్లం అనే మరో కొవ్వు ఉంటుంది. వాపును రేపే రసాయనాలు ఎక్కువగా దాని నుంచే తయారవుతాయి. ఈపీఏ, డీహెచ్ఏ క్రమంగా ఆ చోటును కొంత ఆక్రమిస్తే, పుట్టే రసాయనాల తీవ్రత తగ్గుతుంది. కణాల పొరలు మారాలి కాబట్టే వారాలు పడుతుంది.

అవిసె నూనె గురించి చాలామంది అడుగుతారు. అందులో ఉండే ఒమేగా-3 వేరు. దాన్ని ఈపీఏ, డీహెచ్ఏలుగా మార్చే ఎంజైము పిల్లుల్లో చాలా తక్కువ. కాబట్టి కీళ్ల కోసం అవిసె నూనె పోయడం వల్ల కేలరీలు పెరగడం తప్ప పెద్దగా ఒరిగేదేమీ ఉండదు. కొబ్బరి నూనె, ఆలివ్ నూనెల్లో ఈ రెండు ఆమ్లాలూ ఉండవు.

తగినవి:

- ఆంకోవీ, సార్డీన్ లాంటి చిన్న చేపల ఒళ్లు నుంచి తీసిన నూనె. నా మొదటి ఓటు దీనికే.
- సాల్మన్ నూనె. పిల్లులు ఇష్టపడతాయి, కానీ ఈపీఏ, డీహెచ్ఏల మోతాదు సీసా సీసాకూ మారుతుంది.
- క్రిల్ (రొయ్యలాంటి చిన్న సముద్ర జీవి) నూనె. పనికొస్తుంది, కాకపోతే ఒక్కో క్యాప్సూల్‌లో మోతాదు సాధారణంగా తక్కువ.
- శైవలాల (నాచు) నూనె. చేప పడని పిల్లికి దారి. చాలా వాటిలో డీహెచ్ఏ ఎక్కువ, ఈపీఏ తక్కువ. రెండూ ఉన్నది వెతకండి.

వాడకూడనివి:

కాడ్ లివర్ ఆయిల్. పేరులో కాడ్ అనే చేప ఉంది కదా అని పొరపాటుపడే చోటు ఇదే. ఇది చేప కాలేయం నుంచి తీసిన నూనె. విటమిన్ ఎ, డి దండిగా ఉంటాయి. పిల్లులు అదనపు విటమిన్ ఎను బయటికి పంపలేవు, అది పేరుకుపోతుంది. నెలల తరబడి ఎక్కువైతే మెడ ఎముకల మీద కొత్త ఎముక పెరిగి, వెన్నుపూసలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. మెడ తిప్పలేక, నాక్కోలేక పిల్లి నరకం చూస్తుంది. ఏ బాధ తగ్గించాలని మొదలుపెట్టామో అదే బాధ పెంచినట్టవుతుంది.

సుగంధ తైలాలు, నొప్పి తైలాలు. యూకలిప్టస్, పుదీనా, టీ ట్రీ, వింటర్‌గ్రీన్, కర్పూరం కలిసిన తైలాలేవీ కీళ్లకు రాయకండి. ఇలాంటి పదార్థాలను విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి తక్కువ. పైగా ఒంటికి రాసింది నాకి మింగేస్తుంది. ఏ నూనెతోనైనా సరే మర్దన వద్దు.

మనుషుల కోసం రుచి కలిపిన చేప నూనెలు. నిమ్మ, నారింజ తైలం, తీపి కోసం జైలిటాల్, అదనపు విటమిన్ డి ఉన్నవి పక్కన పెట్టండి. వెల్లుల్లి కలిసినవీ అంతే. వెల్లుల్లి పిల్లి ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తుంది.

## 4. లేబుల్‌ను ఇలా చదవండి

ముందు వైపు పెద్ద అక్షరాల్లో "1000 మి.గ్రా." అని ఉంటుంది. అది మొత్తం నూనె బరువు. మీకు కావాల్సిన అంకె అది కాదు. సీసా వెనక్కి తిప్పండి. ఈపీఏ ఎంత, డీహెచ్ఏ ఎంత అని విడివిడిగా రాసి ఉండాలి. ఆ రెండింటినీ కూడండి.

మామూలుగా దొరికే 1000 మి.గ్రా. క్యాప్సూల్‌లో 180 మి.గ్రా. ఈపీఏ, 120 మి.గ్రా. డీహెచ్ఏ ఉంటాయి. అంటే పనికొచ్చేది 300 మి.గ్రా. మాత్రమే. గాఢత పెంచిన రకాల్లో ఇది 500, 600 కూడా దాటొచ్చు. అందుకే "రోజుకో క్యాప్సూల్" అనే సలహాకు అర్థం లేదు. ఏ క్యాప్సూల్ అన్నదే అసలు ప్రశ్న.

☐ ఈపీఏ, డీహెచ్ఏ విడివిడిగా అంకెల్లో ఉన్నాయి
☐ విటమిన్ ఎ, డి కలపలేదు
☐ విటమిన్ ఇ లేదా టోకోఫెరాల్ ఉంది
☐ బరువైన లోహాల (పాదరసం, సీసం లాంటివి) పరీక్ష జరిగినట్టు ధ్రువపత్రం అడిగితే ఇస్తారు
☐ ముదురు రంగు సీసా, తయారీ తేదీ, గడువు తేదీ ఉన్నాయి
☐ పెరాక్సైడ్ విలువ చెబితే అది 5 లోపు ఉంది (అంతకు మించితే నూనె పాడవడం మొదలైందని అర్థం)

మొత్తం "ఒమేగా 3-6-9" అని మాత్రమే రాసి ఈపీఏ ఊసెత్తని సీసాను అక్కడే వదిలేయండి.

## 5. మోతాదు లెక్క

ఆర్థరైటిస్ ఉన్న పిల్లికి ఇంత అని అందరూ ఒప్పుకున్న ఒకే అంకె లేదు. కిందిది జాగ్రత్తగా సాగే లెక్క. దీన్ని మీ వైద్యులకు చూపించి, వాళ్లు మార్చమంటే మార్చండి.

- ఆరంభం: కిలో బరువుకు రోజుకు 25 మి.గ్రా. (ఈపీఏ, డీహెచ్ఏ కలిపి)
- నిలకడ మోతాదు: కిలోకు 50 మి.గ్రా.
- వైద్యులు చెబితేనే: కిలోకు 75 మి.గ్రా., అంతకు పైన

బరువు అంటే ఉండాల్సిన బరువు. ఊబకాయం ఉన్న 6 కిలోల పిల్లి 4.5 కిలోలు ఉండాల్సి ఉంటే 4.5తోనే లెక్క కట్టండి.

4 కిలోల పిల్లి, ఒక మి.లీ.లో 160 మి.గ్రా. ఈపీఏ, 100 మి.గ్రా. డీహెచ్ఏ ఉన్న సీసా అనుకుందాం. ఒక మి.లీ.కి మొత్తం 260. నిలకడ మోతాదు 4 × 50 = 200 మి.గ్రా. 200ను 260తో భాగిస్తే దాదాపు 0.77. అంటే రోజుకు ముప్పావు మి.లీ. ఆరంభం అందులో సగం, సుమారు 0.4 మి.లీ.

చుక్కల్లో కొలవకండి. చుక్క పరిమాణం సీసా మూతిని బట్టి మారిపోతుంది. సూది లేని 1 మి.లీ. సిరంజి కొనండి. క్యాప్సూల్ అయితే సూదితో గుచ్చి, నూనెను సిరంజిలోకి లాగండి. 1000 మి.గ్రా. క్యాప్సూల్‌లో సుమారు 1.1 మి.లీ. నూనె ఉంటుంది.

కేలరీలు కూడా చూసుకోవాలి. ఒక మి.లీ. నూనెకు 8 కేలరీలకు పైనే. రోజుకు 200 కేలరీల దగ్గర తినే పిల్లికి ముప్పావు మి.లీ. భారం కాదు. కానీ "ఎక్కువ పోస్తే ఎక్కువ మేలు" అని 3 మి.లీ. పోస్తే రోజు తిండిలో ఎనిమిదో వంతు నూనే అవుతుంది. బరువు పెరిగిన పిల్లి కీళ్ల మీద పడే భారం ముందు ఆ నూనె చేసే మేలు ఏ మూలకూ రాదు.

ఇంకో లెక్క చాలామంది మర్చిపోతారు. కీళ్ల కోసం తయారైన ప్రత్యేక ఆహారాల్లో ఈపీఏ, డీహెచ్ఏ ముందే కలిపి ఉంటాయి. మీ పిల్లి అది తింటుంటే పైన నూనె అవసరమే ఉండకపోవచ్చు.

## 6. పెంచే క్రమం

1–3 రోజులు: రుచి పరీక్ష. ఒక్క చుక్కను విడిగా చిన్న పళ్లెంలో పెట్టండి. నాకితే మంచిది. మొహం తిప్పుకుంటే ఏడో మెట్టులోని పద్ధతులకు వెళ్లండి. తిండిలో మాత్రం ఇప్పుడే కలపవద్దు.

4–14 రోజులు: ఆరంభ మోతాదు. మలం రోజూ చూడండి.

రెండో వారం దాటాక: మలం గట్టిగా ఉండి, వాంతులు లేకపోతే నిలకడ మోతాదులో ముప్పాతిక.

మూడో వారం చివర: నిలకడ మోతాదు. ఆ తర్వాత కనీసం ఎనిమిది వారాలు కదిలించకండి.

మలం పలచబడితే వెనకటి మెట్టుకు దిగండి. రెండు మూడు రోజుల్లో గట్టిపడితే అక్కడే ఇంకో వారం ఉండి మళ్లీ ప్రయత్నించండి.

## 7. తినిపించే పద్ధతి

మొదటి నియమం, ఎప్పటికీ మారనిది: నూనెను సిరంజితో నోట్లోకి పోయకండి. సిరంజి కొలవడానికే. నూనె గొంతులో పడితే నీళ్లలా వెంటనే దగ్గు రాదు, చడీచప్పుడు లేకుండా ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. దానివల్ల వచ్చే న్యుమోనియా ప్రాణం తీయగలదు. గింజుకుంటున్న పిల్లితో ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ.

రెండో నియమం: మొత్తం గిన్నెలో కలపకండి. పిల్లికి వాసన నచ్చకపోతే ఆ పూట తిండే మానేస్తుంది. మళ్లీ మళ్లీ జరిగితే ఆ ఆహారం అంటేనే విరక్తి పెంచుకుంటుంది. ముసలి పిల్లి, అందులో లావుగా ఉన్నది, రెండు మూడు రోజులు తినకపోతే కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణాంతకమవుతుంది. నూనె కోసం తిండిని పణంగా పెట్టకండి.

చేయాల్సిన క్రమం:

1. పిల్లికి బాగా ఆకలిగా ఉండే పూట ఎంచుకోండి.
2. రోజు వాటాలోంచి ఒక చెంచాడు తడి ఆహారం తీయండి.
3. చల్లగా ఉంటే దాన్ని గోరువెచ్చగా చేయండి. వేడి చేయడం ముందు, నూనె కలపడం తర్వాత. వేడికి నూనె చెడుతుంది.
4. కొలిచిన నూనె వేసి బాగా కలపండి.
5. ఈ ముద్ద తిన్నాకే మిగతా తిండి పెట్టండి.
6. అరగంటలో తినకపోతే తీసి పారేయండి. ఆ రోజుకు వదిలేయండి.

డ్రై ఫుడ్ మీద పోసి రోజంతా ఉంచడం మంచిది కాదు. నూనె గాలికి పాడవుతుంది, గిన్నె అడుగున జిడ్డు పేరుకుంటుంది. డ్రై ఫుడ్ తప్ప తినని పిల్లికి పది గింజలకు నూనె పట్టించి వెంటనే పెట్టండి.

ససేమిరా అనే పిల్లికి రోజు మోతాదును రెండు పూటలుగా విడగొట్టండి. లేదంటే గాఢత ఎక్కువున్న నూనెకు మారండి, పోయాల్సిన పరిమాణం సగమవుతుంది. ఒకరకం నూనె నచ్చని పిల్లి మరోరకాన్ని ఇష్టంగా తినడం మామూలే. ఇవేవీ పనిచేయకపోతే ఒమేగా-3 కలిసిన కీళ్ల ఆహారానికి నెమ్మదిగా మార్చడమే సరైన దారి. పాదాలకు నూనె పూసి నాకించడం లాంటి చిట్కాలు వద్దు. పిల్లి మిమ్మల్ని చూస్తేనే పారిపోవడం మొదలుపెడుతుంది.

## 8. నిల్వ

మూత తీశాక ఫ్రిజ్‌లో పెట్టండి, తీసిన తేదీ సీసా మీద రాయండి, రెండు నెలల్లో వాడేయండి. పెద్ద సీసా చవకగా పడుతుందని కొంటే సగం పారబోయాల్సి వస్తుంది. ఒక్క పిల్లికి చిన్న సీసానే మేలు.

వారానికోసారి వాసన చూడండి. మంచి నూనెకు తేలికపాటి చేప వాసన ఉంటుంది. ఘాటుగా, పాత రంగు డబ్బాలా ముక్కు మండించే వాసన వస్తే పారేయండి. పాడైన నూనె వాపును తగ్గించకపోగా ఒంట్లోని విటమిన్ ఇని కరిగించేస్తుంది. చేప కొవ్వులు ఎక్కువై విటమిన్ ఇ చాలని పిల్లుల్లో చర్మం కింది కొవ్వు వాచి, తాకితే నొప్పి పెట్టే జబ్బు వస్తుంది. మీ నూనెలో విటమిన్ ఇ లేకపోతే విడిగా ఎంత ఇవ్వాలో వైద్యులను అడగండి.

## 9. ఫలితం తేల్చుకోవడం

నిలకడ మోతాదుకు చేరిన నాలుగో వారం, ఎనిమిదో వారం పాత జాబితాను కొత్త కాగితం మీద నింపండి. పాత కాగితం చూడకుండా నింపండి. వీడియోలు అదే చోట తీయండి.

ఇప్పుడు పాత, కొత్త వీడియోలను ఏది ముందో ఏది వెనకో చెప్పకుండా పిల్లితో రోజూ మెలగని ఒకరికి చూపించండి. "ఎందులో బాగా నడుస్తోంది?" అని మాత్రం అడగండి. ఈ చిన్న పని మన ఆశను లెక్కలోంచి తీసేస్తుంది.

ఏం ఆశించవచ్చు? ఆర్థరైటిస్ ఉన్న 16 పిల్లులకు కొన్నాళ్లు చేప నూనె, కొన్నాళ్లు మొక్కజొన్న నూనె ఇచ్చి పోల్చిన ఒక అధ్యయనం 2013లో వెలువడింది. చేప నూనె తీసుకున్న కాలంలో అవి మెట్లు ఎక్కువగా ఎక్కాయి, ఎత్తుకు దూకాయి, నడకలో బిగుసుకుపోవడం తగ్గింది, మనుషులతో ఎక్కువ కలిశాయి. చిన్న అధ్యయనమే. కానీ ఏ గుర్తుల కోసం చూడాలో అది చక్కగా చెబుతుంది.

- మూడు సొంత పనుల్లో రెండు మెరుగుపడ్డాయి: అదే మోతాదు కొనసాగించండి.
- ఒకటే మెరుగైంది: ఇంకో నాలుగు వారాలు చూడండి, మోతాదు పెంచాలా అని వైద్యులను అడగండి.
- ఏదీ మారలేదు: 12 వారాలు పూర్తయితే ఆపండి. అలవాటుగా కొనసాగించకండి.

పనిచేసిందో లేదో ఇంకా అనుమానంగా ఉంటే, వైద్యులతో మాట్లాడి నూనె ఆపి ఆరు వారాలు చూడొచ్చు. మెల్లగా వచ్చిన మెరుగును గుర్తించడం కష్టం, పోయినప్పుడు మాత్రం చాలామందికి తెలిసిపోతుంది. పిల్లి మళ్లీ దూకడం మానేస్తే మీకు జవాబు దొరికినట్టే.

## 10. తరచుగా జరిగే పొరపాట్లు, సవరణలు

రెండు వారాలకే "పనిచేయలేదు" అని వదిలేయడం. ఆ సమయానికి మీరింకా నిలకడ మోతాదుకే చేరలేదు. క్యాలెండర్‌లో ఎనిమిదో వారం దగ్గర గుర్తు పెట్టుకోండి.

నూనె, గ్లూకోసమిన్ (కీళ్ల కోసం అమ్మే మరో సప్లిమెంట్), కొత్త తిండి, కొత్త పడక ఒకేసారి మొదలుపెట్టడం. బాగుపడితే దేనివల్లో తెలియదు, విరేచనాలైతే దేనివల్లో తెలియదు. ఒకటి మొదలుపెట్టాక నాలుగు వారాలు ఆగి రెండోది.

కుక్క మోతాదు వాడటం. ఒకే సీసా మీద కుక్కకూ పిల్లికీ కలిపి పంపు లెక్క రాసి ఉంటుంది. మీ లెక్క మి.గ్రా.లలోనే కట్టండి.

ఒక రోజు మర్చిపోయి మర్నాడు రెట్టింపు పోయడం. అవసరం లేదు. కణాల్లో చేరిన ఒమేగా-3 ఒక్క రోజులో పోదు. మర్నాడు మామూలు మోతాదే ఇవ్వండి.

నూనె మొదలుపెట్టి వైద్యులు ఇచ్చిన మందు ఆపేయడం. అన్నిటికన్నా చేటు చేసేది ఇదే. ఆ మధ్యలో వారాల తరబడి నొప్పి భరించేది పిల్లి. మందు తగ్గించే నిర్ణయం నూనె ఫలితం తేలాక, వైద్యుల చేతిలో.

## 11. వెంటనే ఆపి ఫోన్ చేయాల్సినవి

☐ 24 గంటలుగా ఏమీ తినలేదు
☐ పదే పదే వాంతులు, పొట్ట నొక్కితే నొప్పి
☐ మూడు రోజులు దాటిన విరేచనాలు
☐ చిగుళ్ల నుంచి, ముక్కు నుంచి రక్తం, కారణం లేని కమిలిన మచ్చలు
☐ నోటితో ఊపిరి తీయడం, దగ్గు

కొన్ని పిల్లులకు వైద్యుల అనుమతి లేకుండా మొదలే పెట్టకూడదు: క్లోమ గ్రంథి వాపు వచ్చినవి, మధుమేహం ఉన్నవి, రక్తం గడ్డకట్టే లోపం ఉన్నవి, గుండె జబ్బు వల్ల రక్తం గడ్డకట్టకుండా క్లోపిడోగ్రెల్ లాంటి మందు వాడుతున్నవి, స్టెరాయిడ్లు లేదా నొప్పి మందుల మీద ఉన్నవి. ఒమేగా-3 రక్తం గడ్డకట్టే తీరును కొంత మారుస్తుంది. పళ్లు తీయించడం, శస్త్రచికిత్స లాంటివి ఉంటే నూనె వాడుతున్నట్టు ముందుగానే చెప్పండి. ఎప్పుడు ఆపాలో వాళ్లు చెబుతారు.

## 12. నూనెతో పాటు, నూనె చాలనప్పుడు

నూనె ఫలితం తేలడానికి ఎనిమిది వారాలు పడుతుంది. ఇంట్లో చేసే మార్పులు ఈ సాయంత్రానికే సుఖమిస్తాయి. మొదటి వారం నమోదు పూర్తయ్యాక ఇవి చేయండి, నూనె మొదలుపెట్టే ముందే చేస్తే లెక్క కలగాపులగం కాదు:

☐ లిట్టర్ బాక్స్ ఒక వైపు గోడ తక్కువ ఎత్తులో ఉండాలి, ప్రతి అంతస్తులో ఒకటి ఉండాలి
☐ ఇష్టమైన ఎత్తు చోటికి మధ్యలో స్థిరమైన పీట గానీ వాలు బల్ల గానీ పెట్టండి
☐ నీళ్లు, తిండి గిన్నెలు మెట్లెక్కకుండా అందాలి
☐ జారే నేల మీద నడిచే దారి పొడవునా చాప పరవండి
☐ గాలి తగలని చోట మెత్తని, వెచ్చని పడక
☐ రెండు మూడు వారాలకోసారి గోళ్లు కత్తిరించండి

ఇవన్నీ చేసినా నొప్పి కనిపిస్తుంటే ఆలస్యం చేయకండి. పిల్లుల కీళ్ల నొప్పికి ఇప్పుడు మంచి మందులున్నాయి. నెలకోసారి ఇచ్చే ఫ్రునెవెట్‌మాబ్ ఇంజెక్షన్ నొప్పి సంకేతాన్ని పెంచే ఒక ప్రోటీన్‌ను అడ్డుకుంటుంది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దానికి 2022 జనవరిలో ఆమోదం తెలిపింది. మెలాక్సికామ్, రోబెనకాక్సిబ్ లాంటి నొప్పి, వాపు తగ్గించే మందులను కిడ్నీల పరిస్థితి చూసి వైద్యులు రాస్తారు. గాబాపెంటిన్ కూడా కొన్నిటికి ఉపయోగపడుతుంది. మనుషుల నొప్పి మాత్రలు మాత్రం ఇంట్లో ఉన్నా తాకవద్దు. పారాసిటమాల్ ఒక్క మాత్ర పిల్లి ప్రాణం తీయగలదు. ఐబూప్రొఫెన్ కూడా విషమే.

వైద్యుల దగ్గరికి వెళ్లేటప్పుడు రెండో మెట్టులో నింపిన కాగితం, నాలుగో వారం, ఎనిమిదో వారం కాగితాలు, వీడియోలున్న ఫోను, వాడుతున్న నూనె సీసా తీసుకెళ్లండి. ఆస్పత్రి బల్ల మీద భయంతో బిగుసుకుపోయిన పిల్లి తన నడకను చూపించదు. ఆ వీడియోలు చూస్తే ఏ కీలు, ఎంత నొప్పి, ఏ మందు అన్నది వైద్యులు త్వరగా నిర్ణయించగలుగుతారు.